సాకుల నమోదు పత్రం వెంటనే ప్రవేశపెట్టాలి

అమెచ్యూర్ సైకిల్ రేసులు నిర్వహించే పెద్దలందరికీ ఒక విన్నపం. మీరు మా పేరు రాయించుకుంటున్నారు, వయసు రాయించుకుంటున్నారు, ప్రమాదం జరిగితే ఎవరికి ఫోన్ చేయాలో రాయించుకుంటున్నారు. కింద పడితే మీ బాధ్యత కాదని సంతకం కూడా పెట్టించుకుంటున్నారు. ఇన్ని అడిగినవాళ్లు అసలుది మాత్రం వదిలేశారు. వెనకబడితే ఏం చెప్పబోతున్నామో అడగడం లేదు. సీజన్ మొదట్లో జరిగే రేసులకైతే ఇది చాలా పెద్ద లోటు. ఎందుకంటే ఆ రేసులకు ప్రాక్టీస్ చేసి వచ్చేవాడు ఒక్కడూ ఉండడు. ఈ మాట నాది కాదు, వచ్చినవాళ్లందరిదీ.

స్టార్ట్ లైన్ దగ్గర కాసేపు నిలబడి వినండి. ఒకాయనకు జలుబు ఇప్పుడే తగ్గింది. ఇంకొకాయనకు ఆఫీసులో నెల రోజులుగా ఊపిరి సలపలేదు. పక్కనున్న కుర్రాడు నిన్ననే లాంగ్ రైడ్ చేశాడు, కాబట్టి ఈరోజు కాళ్లు లేవు. వాడి పక్కవాడికి గుండె వేగం పెరగకూడదని కోచ్ గట్టిగా చెప్పాడట. ఇక అందరూ ఏకగ్రీవంగా ఆమోదించే తీర్మానం ఒకటుంది: "ఇది ట్రైనింగ్ రేసే కదా!" ఇంతమంది జలుబుగాళ్లు, నిద్రలేనివాళ్లు, బాధ్యతల్లో నలిగిపోయినవాళ్లు తెల్లవారకముందే లేచి, కాళ్లు నున్నగా గీసుకుని, గొలుసు తళతళలాడేలా తుడుచుకుని, కొత్త టైర్లు వేయించుకుని మరీ ఎందుకొచ్చారో ఎవరూ అడగరు. అలా అడగడం మర్యాద కాదు.

ప్రొఫెషనల్స్ ఈ మాట అంటే అర్థముంది. జులైలో టూర్ ద ఫ్రాన్స్ పెట్టుకున్నవాడు, జనవరిలో ఆస్ట్రేలియాలో జరిగే టూర్ డౌన్ అండర్‌లో కాస్త వెనకబడినా "ఫామ్ ఇంకా రావాలి" అంటే చెల్లుతుంది. మనకు జులైలో ఏముంది? ఇంకో ట్రైనింగ్ రేసుంది. పైగా ప్రొఫెషనల్స్‌లో కూడా అందరూ ఈ సౌకర్యాన్ని వాడుకోలేదు. మిలాన్–సాన్‌రెమో రేసు మార్చిలో వస్తుంది, దూరం దాదాపు 300 కిలోమీటర్లు. బెల్జియం సైక్లిస్టు ఎడీ మెర్క్స్ దాన్ని 1966 నుంచి 1976 మధ్య ఏడుసార్లు గెలిచాడు. ఇంకా మార్చే కదా, కాళ్లు ఇంకా దారికి రాలేదు అని చెప్పుకునే బంగారం లాంటి అవకాశాన్ని ఏడుసార్లు చేజార్చుకున్న మనిషి ఆయన.

మన వీరత్వమంతా చలికాలంలో, గదిలో, ట్రైనర్ మీద, అంటే సైకిల్‌ను ఉన్నచోటే తొక్కించే స్టాండు మీద జరుగుతుంది. ఇరవై నిమిషాలు ప్రాణం పోయేలా తొక్కి, వచ్చిన సగటు శక్తిలో, అంటే వాట్స్‌లో 95 శాతం లెక్క కట్టి, గంటసేపు తొక్కగలిగే సత్తా ఇదీ అని ప్రకటించుకుంటాం. దీనికి ఎఫ్‌టీపీ అని పేరు. ఆ గంట మాత్రం ఎవరూ తొక్కి చూడరు, అంకె చెడిపోతుందని భయం. గదిలో ఎదురుగాలి ఉండదు, ఉన్న గాలికి స్విచ్ ఉంటుంది. మలుపులుండవు, గుంతలుండవు, పక్కవాడి మోచెయ్యి తగలదు. అంతఃపురంలో ఉత్తరకుమారుడు పలికిన ప్రగల్భాల్లో వాట్స్ ప్రస్తావన లేదన్న మాటే గానీ మిగతాదంతా ఇదే. ఆయనకైనా రథం మీద బృహన్నల దొరికింది. మనకు ముందువాడి వెనక చక్రం ఒక్కటే దిక్కు.

బరువు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. రేసు సైకిల్ 6.8 కిలోలకు తగ్గకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య రూలు పెట్టింది. సీటు మీద కూర్చునేవాడికి మాత్రం ఏ హద్దూ పెట్టలేదు. అందుకే సీట్‌పోస్ట్, అంటే సీటును నిలబెట్టే గొట్టం మార్చి వంద గ్రాములు తగ్గించినవాడు ఆ వంద గ్రాముల గురించి అరగంట ఉపన్యాసం ఇస్తాడు. చలికాలంలో నడుము చుట్టూ చేరినదాని గురించి మాట్లాడడు. అది రూల్స్‌లో లేదు.

ఇక ఆ ముందువాడి చక్రం. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పాటు పెరుగుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగం 36 అయ్యిందంటే గాలి కోసం ఖర్చుపెట్టే శక్తి 70 శాతానికి పైగా పెరగాలి. కాబట్టి తెలివైనవాడు ఎవడి వెనకైనా దాక్కుంటాడు. 2018లో గాలి ప్రవాహాల పరిశోధకుడు బెర్ట్ బ్లాకెన్ బృందం 121 మంది సైక్లిస్టుల గుంపును కంప్యూటర్‌లోనూ విండ్ టన్నెల్‌లోనూ పరీక్షించి ఒక శుభవార్త చెప్పింది. గుంపు లోపల, వెనక వైపు బాగా మరుగున ఉన్నవాడికి తగిలే గాలి నిరోధం, ఒంటరిగా తొక్కేవాడికి తగిలేదాంట్లో 5 నుంచి 10 శాతమేనట. ఈ వార్త చదివిన అమెచ్యూర్లంతా ఆ రోజు ప్రాక్టీస్ మానేశారని నా అనుమానం. కానీ ఆ 121 మందీ బొమ్మలు. ఏ బొమ్మా సీజన్ తొలి మలుపు చూసి గుండె జారి బ్రేక్ నొక్కలేదు.

మనుషులు నొక్కుతారు. మలుపులో ముందువాడు బ్రేక్‌ను వేలితో తాకుతాడంతే. పదోవాడు నొక్కుతాడు. ముప్పయ్యోవాడు దాదాపు ఆగిపోతాడు. వాడు మళ్లీ కదిలేసరికి ముందువాళ్లు పూర్తి వేగంతో వెళ్లిపోతుంటారు, కాబట్టి ప్రతి మలుపు తర్వాతా వెనకున్నవాడు సీట్లోంచి లేచి ఫినిష్ లైన్ వచ్చిందన్నట్టు కొట్టాలి. శక్తి ఆదా చేసుకుందామని వెనక చేరినవాడే అందరికంటే ఎక్కువ స్ప్రింట్లు కొడతాడు. వాటిలో ఒక్కదానికీ బహుమతి ఉండదు. ఇది తొలి ల్యాప్‌లోనే అర్థమవుతుంది. అర్థమయ్యాక ముందుకు వెళ్దామంటే దారి ఉండదు. దారి ఉన్నప్పుడు కాళ్లు ఉండవు.

కాళ్లు ఎందుకు లేవంటే, తినలేదు కాబట్టి. ఎందుకు తినలేదంటే, సేఫ్టీ పిన్నుల వల్ల. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, సాకుల శాస్త్రంలో ఇది ముఖ్యమైన అధ్యాయం. జెర్సీ వీపున నంబర్ అంటించుకోవడానికి నాలుగు పిన్నులిస్తారు. చలికి వేళ్లు కొయ్యబారి ఉంటాయి, వీపు మీద మనకు మనం పిన్ను పెట్టుకోలేం, పక్కవాణ్ని బతిమాలతాం. వాడు మన ప్రత్యర్థి. వాడు చాలా శ్రద్ధగా, మన మేలు కోరి, నంబర్ కాగితంతో పాటు, తిండి పెట్టుకునే వీపు జేబు మూతిని కూడా కలిపి పిన్ను దించుతాడు. ఈ విషయం రేసు మంచి జోరు మీదున్నప్పుడు, ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని ఇంకో చేత్తో వెనక్కి తడుముకుంటున్నప్పుడు తెలుస్తుంది. శక్తి కోసం తాగే తియ్యటి జెల్ ప్యాకెట్ బట్ట మీంచి చేతికి తగులుతూనే ఉంటుంది, బయటికి రాదు. గంటకు 60 గ్రాముల కార్బోహైడ్రేట్ తీసుకోవాలని పుస్తకాల్లో ఉంది. 60 గ్రాములూ వీపు మీదే ఉన్నాయి. పిన్ను పెట్టిన మహానుభావుడు అదే సమయంలో మన ముందు నుంచి హాయిగా అరటిపండు తింటూ వెళ్తుంటాడు.

తర్వాత జరిగేదాన్ని మన భాషలో డ్రాప్ అవ్వడం అంటారు. ముందు చక్రానికీ మనకూ మధ్య ఒక జానెడు ఖాళీ వస్తుంది. జానెడు మూరెడు అవుతుంది. అక్కడి దాకా ఆశ ఉంటుంది. సైకిలు పొడవంత అయ్యాక గాలి మొహానికి కొడుతుంది, గుంపు ఇచ్చిన రాయితీ మొత్తం ఒక్కసారిగా రద్దవుతుంది. సరిగ్గా ఆ క్షణంలో, దేశమేదైనా, కేటగిరీ ఏదైనా, డ్రాప్ అయ్యేవాడు తల వంచి తన వెనక టైరు వైపు చూస్తాడు. పంక్చర్ అయ్యిందేమోనని. ఎంత ఆశగా చూస్తాడంటే, మామూలు రోజుల్లో పంక్చర్ అంటే ఏడ్చే మనిషి, ఇప్పుడు టైరు గట్టిగా ఉన్నందుకు దిగులు పడతాడు. తర్వాత బ్రేక్ ప్యాడ్ రుద్దుకుంటోందేమోనని చూస్తాడు. అదీ లేదు. ఆడలేక మద్దెల ఓడు అందామంటే మద్దెల కూడా భేషుగ్గా ఉంది, నిన్ననే సర్వీసింగ్ అయ్యింది.

ఇదిగో, ఇక్కడే పత్రం అవసరం. ఆ మనిషి ఆ స్థితిలో, గుండె నిమిషానికి 180 సార్లు కొట్టుకుంటుంటే, మెదడుకు రక్తం చాలని వేళ, నమ్మదగిన సాకు ఎక్కడి నుంచి తెస్తాడు? ఫినిష్ లైన్ దగ్గర నోటికొచ్చింది చెబుతాడు. మొదట గాలి అంటాడు, టీ తాగేటప్పుడు కడుపు అంటాడు, ఇంటికెళ్లాక వాట్స్ కొలిచే పవర్ మీటర్ అంటాడు. ఇలా క్రీడకు చెడ్డపేరు వస్తోంది. నంబర్ ఇచ్చేటప్పుడే సాకు కూడా రాయించుకుంటే ఈ గందరగోళం ఉండదు. ఒకరికి ఒక్కటే అనుమతించాలి. జలుబు రాసినవాడు తర్వాత మోకాలికి మారకూడదు. "ట్రైనింగ్ రేసే" అన్న సాకును మాత్రం రద్దు చేయాలి, అది అందరిదీ కాబట్టి ఎవరికీ పనికిరాకుండా పోయింది. మెకానికల్ సాకు రాసేవాళ్లు సంబంధిత విడిభాగాన్ని చూపించాలి. కోచ్ వద్దన్నాడనేవాళ్లు ఆ కోచ్ ఉన్నాడని రుజువు తేవాలి.

గెలిచినవాడి విషయంలో మాత్రం కఠినంగా ఉండక తప్పదు. పోడియం దిగి, చెమట తుడుచుకుంటూ, "నిజానికి నేనూ ఈ ఏడాది సరిగ్గా ప్రాక్టీస్ చేయలేదు బ్రదర్" అంటాడే, అతనికి చివరి స్థానం ఇవ్వాలి. ఓడినవాళ్ల సొత్తును గెలిచినవాళ్లు కూడా పట్టుకుపోతే ఇక మాకు మిగిలేదేంటి?

నిర్వాహకులు ఆలస్యం చేస్తారని తెలుసు కాబట్టి, నమూనా పత్రం ఒకటి నేనే తయారు చేశాను. వచ్చే ఆదివారం రేసుకు నాది నింపేశాను కూడా. కారణం దగ్గర జలుబు అని రాశాను. ఇంకా రాలేదు గానీ, ఆదివారానికి టైముంది.