పులి వదలకపోతే దూడకు పాలెవరిస్తారు?

నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపు ఒక ఊరి బడిలో ఆరో తరగతి పిల్లలకు ఆవు, పులి కథ చదివి వినిపించాను. అనంతామాత్యుడు భోజరాజీయంలో చెప్పిన గంగిగోవు కథ అది; తెలుగునాట బడికి పోయిన వారందరికీ ఏదో ఒక రూపంలో తెలిసిందే. కథ ముగిశాక, అలవాటు కొద్దీ, ఇందులో నీతి ఏమిటని అడిగితే ఆడిన మాట తప్పకూడదని తరగతి మొత్తం ఒకే గొంతుతో చెప్పింది. కిటికీ పక్కన కూర్చున్న ఒక పాప మాత్రం ‘పులి వదలకపోతే దూడకు పాలెవురిస్తారు సార్?’ అంది. ఆ పాప తల్లి కువైట్‌లో ఇంటిపనికి పోయి రెండేళ్లయిందనీ, జేజి (అవ్వ) దగ్గర పెరుగుతోందనీ తరవాత తెలిసింది. పిల్లల సాహిత్యం గురించి నేను చదివిన ఏ వ్యాసం కన్నా ఆ ప్రశ్న నన్ను ఎక్కువగా వెంటాడింది.

ఆ కథ బరువంతా ఆవు ఇంటికి తిరిగి వచ్చిన ఘట్టంలోనే ఉంది. ఇంకా గడ్డి కొరకడం కూడా రాని దూడకు కడుపునిండా పాలిచ్చి, తాను లేకుండా ఎలా మసలుకోవాలో చెప్పి, వీడ్కోలు తీసుకునే తల్లి అక్కడ కనిపిస్తుంది. కవి ఆ చోట ఆగాడు, మనసు పెట్టాడు. మనం వాచకాల్లోకి తెచ్చుకునేటప్పుడు దాన్ని సత్యవాక్యానికి ఒక ఉదాహరణగా కుదించి, దూడను పక్కన కట్టేశాం. నిజానికి మన పాత కథలు పిల్లల దుఃఖాన్ని చూసి జంకినవి కావు. తండ్రి తొడ ఎక్కబోతే సవతి తల్లి సురుచి అడ్డుకున్న ధ్రువుడు, తండ్రికి దూరంగా ఆశ్రమంలో తల్లి దగ్గర పెరిగిన కుశలవులు, మాయల ఫకీరు చెరలో ఉన్న బాలనాగమ్మను వెతుక్కుంటూ పోయిన బాలవర్ధిరాజు, అందరూ చెదిరిన ఇళ్ల పిల్లలే. 1947లో మొదలైన చందమామ నా తరానికి చదువు రుచి చూపింది, ఆ రుణం తీరేది కాదు. అయినా అందులోని జానపద కథల్లో తల్లి లేని రాకుమారుడికి ఆ లోటు సాహసానికి బయలుదేరడానికి మాత్రమే పనికొస్తుంది; చివర రాజ్యం చేతికి రాగానే తల్లి మాట ఎవరూ ఎత్తరు.

నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల పల్లెల్లో ఇళ్లు ఎలా మారిపోయాయో చూస్తే మన పిల్లల కథల్లోని ఈ లోటు ఎంత పెద్దదో తెలుస్తుంది. కనిగిరి, పొదిలి, మార్కాపురం ప్రాంతాల్లో వానలు ముఖం చాటేసి, బోర్లు ఎండి, ఉన్న నీళ్లలో ఫ్లోరైడు నిండి, భార్యాభర్తలిద్దరూ హైదరాబాదుకో బెంగళూరుకో భవన నిర్మాణ పనులకు పోతే పిల్లలు అవ్వాతాతల దగ్గరో హాస్టల్లోనో మిగులుతారు. నెల్లూరు మెట్ట ప్రాంతం నుంచి, పక్కనున్న కడప నుంచి ఆడవాళ్లు గల్ఫ్ దేశాలకు పోవడం కొత్త విషయం కాదు. వీటికి తోడు కోవిడ్ వచ్చింది. తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న పిల్లల పేర 10 లక్షల రూపాయల చొప్పున డిపాజిట్ చేస్తామని 2021లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. అది అవసరమైన పనే. కానీ ఆ పిల్లల్లో ఒకరు ప్రధాన పాత్రగా, వాళ్ల వయసు పిల్లల కోసమే రాసిన తెలుగు నవల ఒక్కటి పేరు చెప్పమంటే నేను చెప్పలేను.

సవతి తల్లి అనే మాటనే తీసుకోండి. ఆ మాట వినగానే పెరట్లో ఏడుస్తున్న పిల్ల, వంటింట్లో కళ్లెర్రజేసిన ఆడమనిషి కనిపిస్తారు. తరతరాల కథలు మన కళ్లకు అలా అలవాటు చేశాయి. తల్లి పోయాక తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్న ఇంట్లో పిల్లలు ఆమెను ‘పిన్ని’ అనో ‘చిన్నమ్మ’ అనో పిలుస్తారు. ఆ పిలుపు నోటికి రావడానికి కొందరికి నెలలు పడుతుంది. అటువైపు పాతికేళ్లైనా నిండని ఆ మనిషి కూడా, ఎవరో కట్టి విడిచిపోయిన చీరల మధ్య, ఎవరో పేరు పెట్టిన బిడ్డ పక్కన, తన చోటు ఎక్కడో తెలియక తడుముకుంటూ ఉంటుంది. ఆమెను దుర్మార్గురాలిగానో దేవతగానో చూపిస్తే కథ సులువుగా నడుస్తుంది గానీ, ఆ ఇంట్లో బతుకుతున్న పిల్లకు ఆ కథ అక్కరకు రాదు. పిన్ని జడ వేస్తే అమ్మకు ద్రోహం చేసినట్టుగా ఉందని అనుకునే పదేళ్ల పిల్లకు, ఆ ఆలోచన తనొక్కదానిదే కాదని ఎవరు చెప్పాలి?

స్నేహం విషయంలోనూ మన బాలకథలు తొందరపడతాయి. కష్టంలో ఆదుకునేవాడే నిజమైన మిత్రుడు అనే సూత్రానికి స్నేహితుడు ఒక రుజువుగా వచ్చి పోతాడు. అమెరికన్ రచయిత్రి కాథరిన్ పాటర్సన్ 1977లో రాసిన బ్రిడ్జ్ టు టెరబీథియా నవలలో, తాను ఊళ్లో లేని రోజున నేస్తం చనిపోయిందన్న మాటను కథానాయకుడైన అబ్బాయి నమ్మడానికే నిరాకరిస్తాడు. తన కొడుకు స్నేహితురాలు పిడుగుపాటుకు చనిపోయిన తరవాత రచయిత్రి రాసిన పుస్తకమది. రైలుబడి పేరుతో తెలుగులోకి వచ్చిన జపాన్ పుస్తకం తొత్తోచాన్‌లో, పోలియో వచ్చిన మిత్రుణ్ని పాప చెట్టెక్కించడం చదివిన పిల్లలు ఆ మిత్రుడి అంత్యక్రియలు కూడా చదివారు. అందువల్ల వాళ్లకు ఏ కీడూ జరగలేదు. నేను చూసినంతలో, దుఃఖంలో ఉన్న పిల్లాడికి తోటి పిల్లాడు చేసే మేలు చాలా చిన్నది: పక్కన కూర్చుంటాడు, జేబులోంచి సీమచింతకాయ తీసి ఇస్తాడు, మర్నాడు గోళీల దగ్గర ఎప్పటిలాగే పోట్లాడతాడు. ఆ పోట్లాటలోనే ఎంత ఓదార్పు ఉందో రాయగలిగిన రచయిత మనకు కావాలి.

పసివాళ్లకు చావు కథలెందుకని అడిగేవారి ప్రేమను నేను శంకించను. కానీ ఇంట్లో మనిషి పోయిన రోజు మనం ఏం చేస్తున్నాం? పిల్లల్ని పక్కింటికి పంపి, ‘నాయన ఊరికి పోయాడు’ అంటాం. ఆ పిల్లాడు కొన్నాళ్లు బస్సు వచ్చే వేళకు వీధిలో నిలబడతాడు. ఆ తరవాత తల్లి పనిమీద పక్క ఊరికి బయలుదేరినా కొంగు వదలడు. నిజం దాచిన చోట భయం పెరుగుతుంది. ఆరేళ్ల పిల్లలకు చెప్పే కథలో ఆ నిజం ఒక ఖాళీ మంచంగా ఉంటే చాలు, పద్నాలుగేళ్ల వాళ్లకు రాసేటప్పుడు కోపం, సిగ్గు, పోయినవాళ్ల మీద నిష్ఠూరం కూడా ఉండాలి.

తమ ఇంటి బాధ అక్షరాల్లో కనిపిస్తే ఏం జరుగుతుందో నెల్లూరు జిల్లాకు ఒకరు చెప్పనక్కర లేదు. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమ వాచకంలో సీతమ్మ కథ చదువుకున్న దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధానికి దారి తీసింది. పిల్లల కథ నుంచి అలాంటి ఉద్యమాన్ని నేను ఆశించడం లేదు. బాలల కథల పోటీలు నీతికథలే కావాలని అడగడం మానితే, కథ కింద అడిగే ప్రశ్నల్లో ఒక్కటైనా జవాబు లేనిదిగా ఉంటే, రాసేవాళ్లకు కొంత చోటు దొరుకుతుంది. భాష గురించి బెంగ అవసరం లేదు. నెల్లూరు కుర్రాడి మాట సాహిత్యాన్ని ఎంత చక్కగా మోయగలదో మహమ్మద్ ఖదీర్‌బాబు రాసిన దర్గామిట్ట కతలు ఇదివరకే చూపించాయి.

ఆ రోజు ఆ పాపకు ‘పులి వదిలేసింది గదమ్మా’ అని మాత్రమే చెప్పగలిగాను. కొన్ని వారాల తరవాత అదే తరగతిలో అదే కథను ఆవు వీడ్కోలు దగ్గర ఆపేసి, ఇక్కడి నుంచి మీరు చెప్పండి అన్నాను. పులిని కొట్టేవాళ్లు చాలామంది లేచారు. ఒక పిల్లాడు పులి చేత ఏడిపించాడు. చివర్లో ఆ పాప లేచి, ‘ఇంకో ఆవు పాలిస్తాది సార్. గానీ దూడ మొదట్లో తాగదు’ అంది. తరగతిలో ఎవరూ నవ్వలేదు. పక్కన కూర్చున్న అమ్మాయి కొంచెం జరిగి ఆమెకు చోటిచ్చింది.