200 అక్షరాల పెట్టెలో పట్టని మాట

పర్సనల్ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ గారికి,

నిన్న రాత్రి అకౌంట్ మూసేద్దామని సెట్టింగ్స్‌లోకి వెళ్తే "ఎందుకు వెళ్ళిపోతున్నారు?" అని అడిగారు. కారణాలు కూడా మీరే ఇచ్చారు. ఖరీదు ఎక్కువ. వేరే యాప్ దొరికింది. వాడటం కష్టంగా ఉంది. కావలసిన ఫీచర్ లేదు. ఇతర కారణాలు. ఎంత వెతికినా "పని చేసుకోవాలి" అన్నది అందులో కనపడలేదు. సరే అని ఇతర కారణాలు నొక్కితే ఒక చిన్న పెట్టె తెరుచుకుంది. 200 అక్షరాలు మించకూడదట. ఏడు నెలల కాపురం అండీ మనది. విడాకుల కాగితమైనా అంతకంటే పొడుగ్గా ఉంటుంది. అందుకే ఈ బహిరంగ లేఖ.

పేరు పెట్టి ఎవరినీ తిట్టను. ఈ ఏడు నెలల్లో మీ బంధువర్గంలో, అంటే పనులకి ప్లాన్ వేసిపెట్టే యాప్‌లలో, తొమ్మిది మందిని ఇంట్లో పెట్టుకుని మేపాను. ఒకరిని అని ఇంకొకరిని వదిలేస్తే అన్యాయమవుతుంది.

నా పని ఏమంత ఘనకార్యం కాదు. అటక మీద మూడు అట్టపెట్టెల నిండా నాన్నగారి పాత ఫొటోలున్నాయి. వాటిని దించి స్కాన్ చేయాలి. ఎవరెవరో, ఎప్పటివో రాయాలి. మంచివి ఏరి అమ్మ పుట్టినరోజుకి ఒక ఆల్బమ్ వేయించాలి. అంతే. ఇంతోటి పనికి మీరెందుకని ఇప్పుడెవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. అప్పుడు మాత్రం ఉండేది. "పద్ధతిగా చేద్దాం" అనుకున్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చిన రోజే కొంప మునిగింది.

పెట్టిన షరతు ఒక్కటే. బల్ల దగ్గర కూర్చుంటే కంప్యూటర్‌లో, మంచం మీద వాలితే ట్యాబ్‌లో, రెండిట్లోనూ పనిచేయాలి. మీరంతా ముక్తకంఠంతో "అన్ని పరికరాల్లోనూ" అన్నారు. దగ్గరికెళ్ళి చూస్తే కదా తెలిసేది. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ 1984లో, విండోస్‌కి ముందుతరం డాస్ మీద పుట్టిన పెద్దాయన. ఆయన డెస్క్‌టాప్ అవతారం ఇప్పటికీ విండోస్ గడప దాటదు. ఓమ్నీప్లాన్, థింగ్స్ లాంటివాళ్ళు ఆపిల్ వారింట తప్ప ఎక్కడా కాలు పెట్టరు. అందులోనూ థింగ్స్‌ని మ్యాక్‌కి వేరుగా, ఐప్యాడ్‌కి వేరుగా కొనాలి. గాంట్‌ప్రాజెక్ట్ ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడిట్లోనూ ఉంటుంది, కానీ కంప్యూటర్ బల్ల దిగదు. ఇక బ్రౌజర్‌లో నడిచే రకం ట్యాబ్‌లోకీ వస్తుంది. రావడానికైతే వస్తుంది. చూడొచ్చు, టిక్కు పెట్టొచ్చు. గట్టిగా ఏదైనా మార్చబోతే మాత్రం "ఈ సదుపాయం కంప్యూటర్‌లో వాడండి" అని మర్యాదగా బయటికి పంపేస్తుంది. అంటే ట్యాబ్ అనేది నా పనిని నేను కిటికీలోంచి చూసుకోవడానికన్నమాట.

ఎవరిని ఎంచుకోవాలో తేలక స్ప్రెడ్‌షీట్ వేశాను. అడ్డంగా తొమ్మిది పేర్లు, నిలువుగా 23 గుణగణాలు, ఒక్కో గుణానికి మార్కులు. పెళ్ళిసంబంధాలు చూసేవాళ్ళు కూడా ఇంత లోతుకి వెళ్ళరు. రెండు వారాలకి ఆ షీట్ నా చెయ్యి దాటిపోయింది. దాన్ని అదుపులో పెట్టడానికి మీలోనే ఒకరిని పిలిచి "సాఫ్ట్‌వేర్ ఎంపిక" అని ప్రాజెక్టు తెరిచి, 17 పనులుగా విడగొట్టాను. ఏడు నెలల్లో నేను నూటికి నూరు శాతం పూర్తిచేసిన ప్రాజెక్టు అదొక్కటే. ఆఖరి టిక్కు పెట్టగానే తెర మీద రంగు కాగితాలు రాలాయి. నిజం చెప్పొద్దూ, నాకు కళ్ళు చెమర్చాయి.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఒక్క ఫొటో కూడా కిందికి దించకముందే 14 లేబుళ్ళు తయారు చేశాను. పెళ్ళిళ్ళకి ఎరుపు, ప్రయాణాలకి నీలం, ఎవరో తెలియనివాళ్ళకి బూడిద రంగు. బూడిద రంగు మరీ లేతగా ఉందని ఒక సాయంత్రమంతా దాన్నే మార్చుకుంటూ కూర్చున్నాను.

మధ్యలో మీ వంశచరిత్ర కూడా చదివాను. (పని ఎగ్గొట్టడానికి చరిత్ర చదవడాన్ని మించిన గౌరవప్రదమైన మార్గం లేదు.) మీ ఇళ్ళల్లో గోడ మీద గీసిన కంచెలా, పనికొక పట్టీ, రోజుల్ని బట్టి దాని పొడుగు, అలా అడ్డంగా పట్టీలు పట్టీలుగా కనిపించే ఆ గాంట్ చార్టు 1910ల నాటి అమెరికా ఇంజనీరు హెన్రీ గాంట్ పేరు మీద చెలామణీ అవుతోంది. అంతకుముందే, 1896లోనే, అలాంటిది పోలండ్ ఇంజనీరు కరోల్ ఆడమియెట్స్కీ వేశాడు. వేసి ఊరుకున్నాడు. అచ్చులో పెట్టేసరికి 1931 అయింది. పని చేసినవాడికి కాదు, చేసినట్టు ముందు చూపించినవాడికే పేరు. మీ స్వభావం అక్కడే ఖాయమైపోయినట్టుంది.

ఇక పెర్ట్ అనే పద్ధతి. 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం తయారు చేయించుకుంది, జలాంతర్గామి నుంచి పేల్చే క్షిపణి. ప్రతి పనికీ మూడు అంచనాలు వేయాలి. అంతా కలిసొస్తే ఎన్ని రోజులు, మామూలుగా ఎన్ని, అన్నీ తిరగబడితే ఎన్ని. మామూలు అంచనాని నాలుగుతో గుణించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగించాలి. స్కానింగ్‌కి నేను 10, 20, 60 అనుకున్నాను. 10కి 80, దానికి 60 కలిపితే 150. ఆరుతో భాగిస్తే సరిగ్గా 25 రోజులు! ఒక్క రోజు అటూ ఇటూ కాకుండా వచ్చిన ఆ 25ని చూసి పొంగిపోయాను. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారు. నేను ప్రయోగించింది అట్టపెట్టెల మీద. పిచ్చుకైతే కనీసం ఎగిరిపోయేది. పెట్టెలు మాత్రం అటక మీద అలాగే ఉన్నాయి.

కాన్బాన్ సంగతీ అంతే. టొయోటా కార్ల కర్మాగారంలో ఇంజనీరు తైఇచి ఓనో కార్డులతో నడిపిన పద్ధతి అది. ముందువాళ్ళు ఎంత సరుకు వాడుకుంటే వెనకవాళ్ళు అంతే తయారుచేయాలి, చేతిలో ఉన్నది ఒక హద్దు దాటకూడదు, ఆ హద్దే అందులో ప్రాణం. మీరు హద్దుని వదిలేసి కార్డులు మాత్రం తెచ్చుకున్నారు. నా బోర్డులో "చేస్తున్నవి" అన్న గడిలో ఒక దశలో 31 కార్డులున్నాయి. "అయిపోయినవి" గడిలో ఒక్కటే ఉంది, "బోర్డు తయారు చేయడం".

ఇంకో చిన్న మనవి. నేను ఒంటరివాణ్ణి. పనిలో ఒంటరివాణ్ణి అని. మీరు మాత్రం తెరిచిన ప్రతిసారీ "మీ టీమ్‌ను ఆహ్వానించండి" అంటారు. ఒకరోజు నాకు నేనే ఒక పని అప్పగించుకుంటే, "మీకు ఒక పని అప్పగించబడింది" అని కంప్యూటర్‌లో, ట్యాబ్‌లో, మెయిల్లో మూడుసార్లు గంట కొట్టారు. అప్పగించింది ఎవరా అని చూశాను. నేనే. కాసేపు నా మీద నాకే కోపం వచ్చింది.

ట్యాబ్‌లో జరిగింది కూడా చెప్పాలి. ఒక రాత్రి పడుకోబోతూ "స్కానింగ్" పట్టీని రెండు రోజులు వెనక్కి జరపాలనుకున్నాను. కంప్యూటర్‌లో అయితే మౌస్ మొన ఆ పట్టీ చివర సరిగ్గా ఆనుతుంది. ట్యాబ్ మీద నా చూపుడువేలి వెడల్పు పదకొండు రోజులు. వేలు ఆనించగానే పట్టీ వేలికింద మాయమైంది. నేను పట్టుకున్నది చివర కాదు, నడుము. పట్టీ కదిలింది. దానికి ముడిపెట్టిన మిగతా పట్టీలన్నీ రైలు పెట్టెల్లా దాని వెనకే కదిలాయి. ఆల్బమ్ అచ్చు అమ్మ పుట్టినరోజు దాటి రెండు నెలల అవతల ఆగింది. ఐప్యాడ్‌లో మూడు వేళ్ళతో ఎడమకి తోస్తే చేసింది రద్దవుతుందని ఇప్పుడు తెలుసు. ఆ రాత్రి తెలియదు. పది వేళ్ళూ వాడి చూశాను.

ఆ ముడి గురించే అసలు బాధ. ముందు పని పూర్తయితేనే తర్వాతది మొదలవ్వాలని ముడివేయించారు కదా. స్కానింగ్ అయితేనే పెద్దమ్మను పేర్లు అడగడం అని నేను బుద్ధిగా గీత గీశాను. స్కానింగ్ వారం వారం వాయిదా పడింది. పడిన ప్రతిసారీ మీరు చడీచప్పుడు లేకుండా పెద్దమ్మను కూడా జరిపారు. మార్చిలో ఉన్న మనిషి చూస్తూండగా సెప్టెంబరుకి వెళ్ళింది. ఆవిడకి 84 ఏళ్ళు. ఆ సంగతి రాయడానికి మీ దగ్గర గడి లేదు.

అది చూసి భయమేసింది. మీ మాట కాదని, 40 ఫొటోల్ని అటక మీదే ట్యాబ్ కెమెరాతో టకటకా తీసుకుని పెద్దమ్మ ఇంటికి పరిగెత్తాను. అక్కడ నెట్ లేదు. ఏం ఫర్వాలేదు, ఆఫ్‌లైన్‌లోనూ పనిచేస్తామన్నారు కదా అని కూర్చున్నాను. ఆవిడ ఒక్కో ఫొటో చూసి పేర్లు చెప్తోంటే నేను కొట్టుకుంటూ పోయాను. మధ్యలో ట్యాబ్‌ని చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి చూసింది.

"వెనక ఏముందిరా?"

"దాని వెనక ఏముంటుంది పెద్దమ్మా, బొమ్మ ఇటు వైపే" అని నవ్వాను.

ఆవిడ నవ్వలేదు.

ఇంటికి రాగానే ముందు కంప్యూటర్ తెరిచి, అదే నోట్‌లో ఒక అక్షరదోషం కనపడితే దిద్దాను. తర్వాత ట్యాబ్‌కి నెట్ తగిలింది. ఆఖర్న సేవ్ చేసినవాడిదే రాజ్యమన్నది మీ రాజ్యాంగమట. రెండు గంటలు పెద్దమ్మ చెప్పిన 40 ఫొటోల పేర్లు పోయాయి, నేను దిద్దిన ఒక్క అక్షరం నిలిచింది. "సింక్ విజయవంతం" అని పచ్చ టిక్కు కూడా పెట్టారు.

ఎవరైనా ఇప్పుడు మీలో ఒకరిని ఎంచుకుంటామని నన్ను అడిగితే, ఫీచర్ల పట్టిక చూడొద్దంటాను. ట్యాబ్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి నాలుగు పనులు రాసి, కంప్యూటర్‌లో అవే పనుల్ని వేరేగా మార్చి, తర్వాత నెట్ కలిపి ఏం మిగిలిందో చూడమంటాను. రాసుకున్నదంతా బయటికి తీసిచ్చే ఎక్స్‌పోర్ట్‌ని మొదటి రోజే నొక్కి చూడమంటాను కూడా. మీరిచ్చే సీఎస్‌వీ అనే పట్టిక ఫైల్లో పనుల పేర్లు వస్తాయి, తేదీలు వస్తాయి, కష్టపడి వేసుకున్న ముడులూ జతచేసిన ఫైళ్ళూ చాలాసార్లు రావు. సామాను ఇస్తారు, తాళ్ళు విప్పేసి ఇస్తారు. ఇదేదో దూరపు భయం కాదు. పనుల జాబితా యాప్ వండర్‌లిస్ట్‌ను 2015లో మైక్రోసాఫ్ట్ కొంది, 2020 మే 6న మూసేసింది. ఎంత మంచి ఇల్లైనా అద్దె ఇల్లే.

సొంతిల్లు కావాలంటే ఆర్గ్ మోడ్ ఉంది. 2003లో కార్స్టెన్ డొమినిక్ అనే ఖగోళ శాస్త్రవేత్త మొదలుపెట్టాడు. అంతా మామూలు టెక్స్ట్ ఫైలే, ఎక్కడైనా తెరుచుకుంటుంది. కాకపోతే దానికి ముందు, అది నడిచే ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ నేర్చుకోవాలి. అది నాకు ఇంకో ప్రాజెక్టు అవుతుంది, దాన్ని నడపడానికి ఇంకో సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి. దండం పెట్టి వచ్చేశాను.

పోయిన పేర్లు మళ్ళీ అడగాలి కదా. ఈసారి ట్యాబ్ కాదు, ఫొటోలే తీసుకెళ్దామని నిన్న మధ్యాహ్నం నిచ్చెన వేసుకుని మొదటి పెట్టె దించాను. దించడానికి నాలుగు నిమిషాలు పట్టింది, అందులో మూడు తుమ్ములకే. అన్నిటికంటే పైనున్న ఫొటోలో మెట్ల మీద ఐదుగురు నిలబడి ఉన్నారు. నా లెక్కలో బూడిద రంగు లేబుల్. దుమ్ము దులుపుదామని వెనక్కి తిప్పాను.

నీలం సిరాతో నాన్నగారి రాత. ఎడమ నుంచి కుడికి ఐదు పేర్లు. కింద 1974. ఆ కింద "ముందున్న నీడ నాది".

ఇంకోటి తిప్పాను. ఇంకోటి. పదింటిలో ఎనిమిదింటికి వెనక అంతా రాసే ఉంది. ఏడు నెలల్లో ఆ 40 ఫొటోలకీ ముందువైపే తీశాను తప్ప ఒక్కదాన్నీ తిప్పలేదు. పెద్దమ్మకి ఫోన్ చేశాను.

"అందుకేగా ఆ రోజు అడిగింది, వెనక ఏముందిరా అని. మీ నాన్న రాయకుండా దేన్నీ వదిలేవాడు కాదు" అంది.

పెట్టె మూత లోపలి వైపు కూడా రాశారు. "వీటిని తీరిగ్గా ఆల్బమ్‌లో అంటించాలి." గడువు తేదీ వేయలేదు.

ఇట్లు,
ట్రయల్ అయిపోవడానికి ఇంకా మూడు రోజులుండగానే
అటకెక్కిన మీ వాడుకరి