టేకు నాటితే జైలా? తిరుగుతున్న మెసేజీకి నా జవాబు

ఈ నెలలో ఒకే మెసేజీ నాకు ఐదు గ్రూపుల్లో వచ్చింది. "రైతు సోదరులకు హెచ్చరిక" అని మొదలై మూడు దండాలతో ముగుస్తుంది. పెట్టినవాళ్ళలో మా బావమరిది కూడా ఉన్నాడు, అందుకే ఊరుకోలేక రాస్తున్నాను. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: పొలంలో టేకు నాటినా అది సర్కారు చెట్టే, కొడితే జైలు. పడవకి పనికొచ్చే టేకు మనది కాదు, బర్మాది. పడవ కర్రకి వందేళ్ళ చెట్టు కావాలి, నాటినవాడు దాని ఫలం చూడడు. చెక్క పడవని చంపింది అటవీ చట్టాలే, రిజర్వు అడవి తెరిస్తే పడవలు కట్టే మన తాళ్ళరేవు మళ్ళీ కళకళలాడుతుంది. ఆఖరున, ఏదేమైనా ఫైబర్ పడవే మేలు, ఒక్క చెట్టూ కొట్టక్కర్లేదు.

అడవి తెరవమని ఒక నోటితో, చెట్టు కొట్టొద్దని ఇంకో నోటితో. ఇన్ని గ్రూపులు తిరిగిన మెసేజీలో ఈ తేడా ఒక్కరికీ కనబడలేదా అని ఆశ్చర్యం. సరే, ఒక్కో మాటా చూద్దాం. నేను పడవలు కట్టేవాణ్ణి కాను. కాకినాడ–యానాం రోడ్డుకి దగ్గర్లో కొంచెం పొలం, గట్ల మీద టేకు, చెరువు వైపు నాలుగు నల్లతుమ్మలు ఉన్నాయి. పడవ మేస్త్రిలు ఉన్న ఊళ్ళ మధ్య పెరిగాను.

"సర్కారు చెట్టే" అన్న మాట ఒకప్పుడు నిజమే. ఎప్పుడంటే 1807లో, ఇప్పటి కేరళలోని మలబారులో. ఇంగ్లండు నౌకాదళానికి టేకు కావలసొచ్చి, ఈస్టిండియా కంపెనీ అంతకు ముందు ఏడాదే కెప్టెన్ వాట్సన్ అనే ఆయన్ని అడవుల మీద అధికారిగా పెట్టింది. ఆ తర్వాత ప్రైవేటు భూమిలో ఉన్న టేకు మీద కూడా హక్కు తనదేనంది. జనం గోల పెట్టారు. 1823లో ఆ పెత్తనాన్ని ఎత్తేయించింది ఎవరో కాదు, అప్పటి మద్రాసు గవర్నరు, మన సీమవాళ్ళు ఇప్పటికీ తలుచుకునే మన్రో దొర. అంటే ఈ మెసేజీ రెండు వందల ఏళ్ళు లేటుగా వచ్చింది.

ఇవాళ పట్టా భూమిలో మీరు నాటుకున్న టేకు మీదే. అయితే కొట్టడానికి 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి, కొట్టిన దుంగ రోడ్డెక్కడానికి రవాణా పర్మిట్ కావాలి. తెలంగాణలోనూ వాల్టా ఉంది. అనుమతి తీసుకోవడం వేరు, హక్కు లేకపోవడం వేరు. బండి నడపడానికి లైసెన్సు అడిగారని బండి ఆర్టీఓది అయిపోదు కదా.

ఇక్కడ మెసేజీ రాసినాయన కడుపుమంటలో కొంత న్యాయం ఉందని ఒప్పుకుంటాను. ఆరు చెట్ల కోసం నేనే నాలుగు నెలలు తిరిగాను. పాసు పుస్తకం జిరాక్సు, అడంగల్, దరఖాస్తు అన్నీ పెట్టాక కూడా ఒకాయన సెలవు, ఇంకో ఆయన ట్రైనింగు. చివరికి ఒక పొద్దున వచ్చి, ఛాతీ ఎత్తులో టేపు చుట్టి కొలిచి, లిస్టు రాసుకుని వెళ్ళారు. కొట్టాక దుంగల మీద సుత్తితో ముద్ర వేశారు. మొత్తం అరగంట పని. జైలు కాదు గానీ చెప్పులు అరిగాయి. ఈలోగా ఒక కలప వ్యాపారి వచ్చి "పర్మిట్ సంగతి మేం చూసుకుంటాం లెండి" అని సగం రేటు చెప్పాడు. మా పక్క పొలం ఆయన ఆ రేటుకే ఇచ్చేశాడు. "నాటితే జైలు" అనే పుకారు ఎవరు పుట్టించారో గానీ, దాన్ని నమ్మిన రైతు దగ్గర చవగ్గా కొనేది మాత్రం ఇలాంటివాళ్ళే.

సరుగుడు, జామాయిల్, సుబాబుల్‌కి ఈ తతంగం లేదు. అందుకే గట్లన్నీ వాటితో నిండిపోయాయి. కాగితం పని లేని పరాయి చెట్టుకి పెద్దపీట, కాగితం పని ఉన్న సొంత చెట్టుకి భయం. విధానంలో తప్పంటూ ఉంటే అది ఇక్కడుంది. కేంద్రం 2014లో వ్యవసాయ అటవీ విధానం తెచ్చింది. 2023 డిసెంబరులో దేశమంతటికీ ఆన్‌లైన్ రవాణా పాసు మొదలుపెట్టింది. 2025 జూన్‌లో పొలాల్లో చెట్లు కొట్టడానికి నమూనా నిబంధనలు తయారుచేసి రాష్ట్రాలకి పంపింది. కాగితం మీద బాగానే ఉంది, అరగంట పనికి నాలుగు నెలలు పట్టకుండా ఉంటే చాలు.

ఇంకో భయం ఉంది, అది మెసేజీలో లేదు గానీ రచ్చబండ దగ్గర వినబడుతుంది: తోట దట్టంగా పెరిగితే అడవి అనేస్తారేమో అని. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు అడవి అనే మాటకి నిఘంటువు అర్థమే తీసుకోవాలంది, భూమి ఎవరిదైనా సరే. 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించినప్పుడు కేంద్రం చెప్పిన కారణాల్లో ఈ భయం ఒకటి. సవరణ మీద మళ్ళీ కేసులు పడ్డాయి, 2024 ఫిబ్రవరిలో కోర్టు ప్రస్తుతానికి పాత అర్థమే పాటించమంది. అందుకని నేను నాటిన ఏడాదే గట్టు మీద చెట్లని అడంగల్‌లో ఎక్కించమని వెంటపడి ఎక్కించుకున్నాను. రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి అదొక కాగితం.

ఇక బర్మా సంగతి. టేకు బర్మాలో ఎంత సొంత చెట్టో మనకీ అంతే. ఆదిలాబాదు, భద్రాచలం, పాపికొండలు, నల్లమల అడవుల్లో ఎవరూ నాటకుండా పుట్టిందే. గోదావరి వెంట కొట్టిన దుంగల్ని తెప్పలుగా కట్టి రాజమండ్రికి వదిలేవాళ్ళు. 17వ శతాబ్దంలో ఇక్కడికొచ్చిన ఇంగ్లీషు నావికులు నరసాపురం, మాధవాయిపాలెం దగ్గర ఓడలు కట్టించుకున్నారు, అక్కడ మంచి కలప, మంచి ఇనుము దొరుకుతాయని రాసుకున్నారు. మలబారు టేకుతో బొంబాయిలో ఓడలు కట్టే వాడియా కుటుంబంవాళ్ళు కట్టిన ట్రింకోమలీ అనే ఓడ 1817లో నీళ్ళలోకి దిగింది. ఇప్పటికీ ఇంగ్లండులో హార్ట్‌లీపూల్ రేవులో తేలుతూనే ఉంది. బర్మా టేకు అనే పేరు ఎలా నిలిచిందంటే, ఆ తర్వాత సరుకు అక్కణ్ణించి ఓడల నిండా వచ్చింది కాబట్టి. మనవాళ్ళు పొట్ట చేతబట్టుకుని అదే రంగూనుకి పోయారు. కోరంగి రేవు పేరు మీద వాళ్ళని అక్కడ "కొరంగీలు" అన్నారు. ఆ సరుకు కూడా ఇప్పుడు పాత మాటే, 2014 ఏప్రిల్ నుంచి మయన్మార్ దుంగల ఎగుమతి ఆపేసింది.

వందేళ్ళ చెట్టు మాట దగ్గర కొంచెం ఆగాలి, మెసేజీలో నాకు బాగా కోపం తెప్పించింది ఇదే.

పడవంతా ఒకే కర్రతో కట్టరు. అడుగున పొడుగూతా వేసే దూలానికీ, పొడుగు పలకలకీ ముదురు టేకు కావాలి, నిజమే. లేత టేకులో తెల్లకర్ర ఎక్కువ, చేవ తక్కువ. ఉప్పునీటి పురుగు ముందు తెల్లకర్రనే తొలిచేస్తుంది. కానీ లోపల పక్కటెముకల్లా వరసగా వేసే వంపు కర్రలకి టేకే అక్కర్లేదు. నల్లతుమ్మ చాలు. అదీ తిన్నగా పెరిగింది కాదు, వంకరది.

ఒకసారి కాలువ గట్టున పడవ కడుతుంటే చూడ్డానికి వెళ్ళాను. తాటాకు పందిరి, కింద చెక్కపొట్టు. మేస్త్రి గారి చేతిలో సన్న చెక్కతో కోసిన ఒక అచ్చు, పడవ ఆ చోట ఎంత వంగాలో అంత వంపుతో. తుమ్మ కొమ్మల కుప్ప చుట్టూ తిరుగుతూ, ఒక్కో కొమ్మ మీదా అచ్చు పెట్టి చూస్తున్నాడు. ఒకటి పక్కన పడేశాడు, ఇంకోటీ పడేశాడు. పదో పన్నెండో చూశాక ఒకటి కుదిరింది. "తిన్నని కర్రని వంకరగా కోస్తే వంపు దగ్గర నార తెగిపోద్దండి. అల పోటుకి అక్కడే పుటుక్కుమంటది. చెట్టే వంగితే నార కూడా దాంతోపాటే తిరుగుద్ది" అన్నాడు. తర్వాత మా చెరువు వైపు వచ్చినప్పుడు నేను కొట్టేద్దామనుకున్న వంకర తుమ్మని చూసి, దాని వంపు దగ్గర చెయ్యి వేసి, "దీన్ని వంటచెరుక్కి ఇచ్చెయ్యకండి" అని మరీ చెప్పి వెళ్ళాడు. ఆ చెట్టుకి ఇరవై ఏళ్ళు కూడా లేవు. నేనే నాటాను, నేనే చూస్తున్నాను.

భూమిని బట్టి చెట్టు. టేకుకి వేరు దగ్గర నీళ్ళు నిలిస్తే పడదు. డెల్టాలో తెలీక గట్టు దిగువన వేసిన నా నాలుగు మొక్కలు ఒక్క వానాకాలానికే కుళ్ళిపోయాయి, గట్టు పైన వేసినవి బతికాయి. తడి నేలలో తెల్లమద్ది, నల్లతుమ్మ హాయిగా వస్తాయి. సముద్రం ఒడ్డు ఇసకలో పొన్న ఉంది. ఉత్సవాల్లో పొన్న వాహనం చూసి దణ్ణం పెట్టుకుంటాం గానీ, ఆ చెట్టు కర్ర పడవలకి వాడతారనీ, గింజల నూనె పడవలకి పూస్తారనీ కుర్రాళ్ళకి తెలీదు. నాసి కర్రకి కూడా దారుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మందు పట్టించిన రబ్బరు చెట్టు కర్రతో చిన్న పడవలు కట్టి చూపించింది. ఏ కర్ర ఉప్పునీటిలో ఎన్నాళ్ళు ఆగుతుందో విశాఖ రేవులో చెక్కముక్కలు ముంచి పరీక్షించిన ప్రభుత్వ పరిశోధన కేంద్రం కూడా ఉంది.

చట్టాలే చంపాయన్న మాటకి మళ్ళీ మలబారుకే పోదాం. 1823లో పెత్తనం ఎత్తేశాక వ్యాపారులు ఇష్టమొచ్చినట్టు కొట్టారు. ఇరవై ఏళ్ళు తిరక్కముందే పెద్ద టేకు దొరకని పరిస్థితి వచ్చింది. అప్పుడు కలెక్టరు కానొలీ నిలంబూరులో టేకు నాటించడం మొదలుపెట్టాడు. చాతు మేనోన్ అనే స్థానిక ఉద్యోగి దగ్గరుండి నాటించాడు. 1840ల నాటి ఆ చెట్లు కొన్ని ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. మెసేజీ అడుగుతున్న "తెరవడం" అక్కడ ఒకసారి జరిగింది, దాని తర్వాత మిగిలిందీ తెలుసు. ఇప్పుడు రిజర్వు అడవి తెరిచినా దుంగ వేలానికే వస్తుంది, వేలంలో సోఫాలు, తలుపులు చేసేవాడి ముందు పడవ మేస్త్రి నిలబడలేడు. 1988 జాతీయ అటవీ విధానం చెప్పిందీ ఇదే: పరిశ్రమ తనకి కావలసిన కర్రని రైతులతో పెంచించుకోవాలి, అడవి మీద పడకూడదు. ముప్పై ఏడేళ్ళు దాటినా పడవల కోసం రైతుతో తుమ్మ పెంచించినవాణ్ణి మా వైపు ఒక్కణ్ణీ చూడలేదు.

ఫైబర్ మీద నాకు పగ లేదు. తేలిక, పురుగు పట్టదు, ఇసక ఒడ్డుకి నలుగురు లాగేస్తారు. 2004 సునామీ తర్వాత సాయంగా ఇచ్చినవాటిలో చాలావరకు అవే. కానీ "ఒక్క చెట్టూ కొట్టక్కర్లేదు" అన్నంత మాత్రాన అది ఆకుపచ్చ పడవ అయిపోదు, అందులో ఉన్నది పెట్రోలియం రెజిన్, గాజు నార. చెక్క పడవకి ఒక పలక పోతే ఆ పలకే మారుస్తారు, పాతది పొయ్యిలోకి పోతుంది. పగిలిన ఫైబర్ పడవని ఏం చెయ్యాలో ఎవరికీ తెలీదు, కాలిస్తే ఆ పొగకి ఊరంతా దగ్గు. మా బావమరిది వాళ్ళ వీధి చివర ఒకటి మూడేళ్ళుగా బోర్లా పడుంది. కోళ్ళు దాని కింద గుడ్లు పెడుతున్నాయి.