గుద్దు తగలనివ్వకపోవడమే అసలు విద్య

ఒకరు పరుగెత్తడం, ఇంకొకరు తరమడం. బాక్సింగ్‌లో ఇలాంటి ‘టామ్ అండ్ జెర్రీ’ ఫైట్లు ఇక తనకు వద్దని 2025 మేలో సౌదీకి చెందిన తుర్కీ అలల్‌షేఖ్ తేల్చి చెప్పారు. ఇవాళ పెద్ద బౌట్లకు డబ్బు సంచి విప్పుతున్నది ఎక్కువగా ఆయనే కాబట్టి దాన్ని ఒక అభిమాని చిరాకుగా కొట్టిపారేయలేం. అది ఆటకు రూలంత పని చేస్తుంది. ఆ మాటకు ముందు రియాద్‌లో బాక్సర్లు కనెలో అల్వారెజ్, విలియం స్కల్ 12 రౌండ్లు ఎలా ఆడారో చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇద్దరూ కలిపి విసిరిన పంచ్‌లు 445. పంచ్‌లు లెక్కపెట్టే కంప్యూబాక్స్ సంస్థ లెక్కల్లో 12 రౌండ్ల బౌట్‌లో అంత తక్కువ అంతకుముందెప్పుడూ లేదు. విసుగు పుట్టిన మాట నిజమే. కానీ ఆ విసుగును తెచ్చి డిఫెన్స్ నెత్తిన, అంటే గుద్దు తగలకుండా కాచుకునే విద్య నెత్తిన రుద్దడం అన్యాయం. బాక్సింగ్ ఇంకో యాభై ఏళ్లు బతకాలంటే దాన్ని బతికించేది డిఫెన్సే.

స్కల్ ఆ రాత్రి చేసింది డిఫెన్స్ కాదు, దూరదూరంగా తిరగడం. ఈ తేడా మనకు ఒకరు చెప్పక్కర్లేదు, కబడ్డీ చూస్తూ పెరిగినవాళ్లం. కూతకెళ్లినవాడు నలుగురి చేతుల్లోంచి జారి గీత ముట్టుకుంటే ఊరంతా ఈలలు వేస్తుంది. వాణ్ని పిరికివాడని ఎవరూ అనరు. గీత దగ్గరే తచ్చాడి తిరిగొచ్చేవాళ్ల కోసం ప్రో కబడ్డీలో ‘డూ ఆర్ డై’ రైడ్ పెట్టారు. రెండు రైడ్లు వరసగా ఖాళీగా పోతే మూడోదాంట్లో పాయింట్ తేవాలి, లేదా ఔట్. శిక్ష పడింది తచ్చాడటానికి. జారిపోయే నేర్పు జోలికి ఎవరూ వెళ్లలేదు.

అమెరికా బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్ నిలబడే తీరును ఒక్కసారి స్లో మోషన్‌లో చూడండి. ఎడమ చెయ్యి పొట్టకు అడ్డంగా ఉంటుంది. కుడి అరచెయ్యి గడ్డం పక్కన కాచుకుని ఉంటుంది. ఎడమ భుజం దవడను కప్పేంత పైకి లేస్తుంది. ఎదుటివాడు కుడిచేత్తో గుద్దగానే మేవెదర్ నడుము కాస్త తిరుగుతుంది, గుద్దు భుజం మీద పడి జారిపోతుంది. అప్పటికి గుద్దినవాడి బరువంతా ముందు కాలి మీదికి వచ్చేసి ఉంటుంది, మొహానికి కాపలా ఉండదు. మేవెదర్ కుడి చెయ్యి బయల్దేరేది సరిగ్గా అప్పుడే. కాచుకోవడమూ కొట్టడమూ అక్కడ ఒకటే కదలిక. 2013లో అతనితో తలపడిన 23 ఏళ్ల కనెలో ఈ తాళం చెవి దొరక్క 12 రౌండ్లలో చాలాసార్లు గాలినే గుద్దాడు. ఇది చూసి బోర్ అనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, గ్లవ్స్‌ని కాదు, భుజాన్ని, పాదాల్ని చూడండి.

డిఫెన్స్‌ను మార్కెట్ ఒప్పుకోదు అంటారు. మేవెదర్, పాకియావ్ 2015లో తలపడినప్పుడు ఒక్క అమెరికాలోనే దాదాపు 46 లక్షల పే పర్ వ్యూలు (టీవీలో ఆ ఒక్క బౌట్ చూడటానికి కట్టే డబ్బు) అమ్ముడయ్యాయి. ఆ రికార్డు తెచ్చింది ఈ తరంలో అందరికన్నా గట్టి డిఫెన్స్ ఉన్న మనిషి. వాడు ఓడిపోతే చూడాలని కొన్నారు, తీరా చూసి ఉసూరుమన్నారు అని అవతలివాళ్ల వాదన. అందులో నిజం లేకపోలేదు. డిఫెన్స్‌కే పేరుపడ్డ షకూర్ స్టీవెన్సన్ 2024లో సొంతూరు నెవార్క్‌లో ఆడుతుంటే బౌట్ అయిపోకముందే జనం లేచి వెళ్లిపోయారు కూడా. కానీ అదే ఏడాది ఒలెక్సాండర్ ఉసిక్ టైసన్ ఫ్యూరీని ఎలా ఓడించాడు? తనకన్నా ఎంతో పొడవైన, బరువైన మనిషి ముందు కాళ్లు ఆపకుండా, తల ఒకచోట నిలపకుండా ఎనిమిది రౌండ్లు లెక్క కట్టాడు. తొమ్మిదో రౌండ్‌లో దొరికిన సందులో దూరి ఫ్యూరీని తాళ్లకు అతికించేస్తే రిఫరీ కౌంట్ చదవాల్సి వచ్చింది. కొట్టడానికి కాళ్లలో, ఊపిరిలో శక్తి మిగలడానికి కారణం అంతకుముందు తప్పించుకున్న గుద్దులే.

అసలు తప్పు జడ్జింగ్‌లో ఉంది. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో రౌండ్‌ను నాలుగు కొలమానాలతో చూడాలి: శుభ్రంగా తగిలిన పంచ్‌లు, ఫలితమిచ్చే దూకుడు, రింగ్ మీద పట్టు, డిఫెన్స్. నాలుగోది కాగితం మీదే ఉండిపోతోంది. 1993లో డిఫెన్స్‌లో ఆరితేరిన పెర్నెల్ విటేకర్, 87 బౌట్లలో ఓటమి ఎరగని హులియో సీజర్ చావెజ్‌ను రాత్రంతా ఆడించి వదిలితే జడ్జీలు డ్రా ఇచ్చారు. చూసినవాళ్లలో చాలామందికి అది ఇప్పటికీ మింగుడుపడదు. మేవెదర్, కనెలో బౌట్‌ను సైతం ఒక జడ్జి 114-114, అంటే సమానం అని రాశారు. పది గుద్దులు తప్పించుకుని రెండు తిరిగి కొట్టినవాడికి రౌండ్ ఇవ్వండి. అప్పుడు కోచ్‌లు ఆ విద్య నేర్పుతారు, కుర్రాళ్లు ఊరికే తిరగడం మానేస్తారు.

ఇంత పట్టుబట్టి రాయడానికి అసలు కారణం వేరే ఉంది. 1982లో దక్షిణ కొరియాకు చెందిన కిమ్ డుక్ కూ, రే మాన్సినీ చేతిలో 14వ రౌండ్‌లో పడిపోయి కొన్ని రోజులకే చనిపోయాడు. ఆ తర్వాతే ప్రపంచ టైటిల్ బౌట్లలో 15 రౌండ్లు 12 అయ్యాయి. మహమ్మద్ అలీకి 42 ఏళ్లకే పార్కిన్సన్స్ అని తేలింది. అంతకు పదేళ్ల కిందట కిన్షాసాలో తాళ్లకు ఆనుకుని దెబ్బలు ఓర్చుకున్న ఆ వ్యూహాన్ని ఇప్పటికీ పొగుడుతుంటాం. నన్నడిగితే అది డిఫెన్స్ కాదు, ఒంటిని తాకట్టు పెట్టడం. 17 ఏళ్లకే ప్రపంచ చాంపియన్ అయి, గుద్దును ముందే పసిగడతాడని ‘రాడార్’ అని పేరు తెచ్చుకున్న విల్‌ఫ్రెడ్ బెనితెస్ కూడా రింగ్‌లో మరీ ఎక్కువ కాలం ఉండిపోయి మెదడు దెబ్బతిని ఒకరి సాయం లేకుండా బతకలేని స్థితికొచ్చాడు. రాడార్‌కే దిక్కులేనప్పుడు, ‘ముందుకెళ్లి కొట్టించుకో, జనం చూస్తారు’ అని కుర్రాళ్లకు చెప్పే ధైర్యం ఎవరికుంది? దెబ్బలు తిన్నవాడే మగాడు అనే మాట మన ఇళ్లలోనూ బళ్లలోనూ చేసిన నష్టం చాలదా? ఇటు అమెరికా బాక్సర్ బెర్నార్డ్ హాప్‌కిన్స్‌ని చూడండి. తగలనివ్వకుండా ఆడే తెలివితో 46 ఏళ్లకు ప్రపంచ టైటిల్ గెలిచాడు, 48 ఏళ్లకు మళ్లీ గెలిచాడు.

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ చాంపియన్ అయ్యాక మన దగ్గర గ్లవ్స్ కావాలని అడిగే ఆడపిల్లలు పెరిగారు. ఈమధ్య ఒక ట్రైనింగ్ హాల్‌కి వెళ్లాను. రెండు స్తంభాల మధ్య గడ్డం ఎత్తులో తాడు కట్టారు. పదేళ్ల పిల్ల మోకాళ్లు వంచి తాడు కింద నుంచి ఇటు వంగి అటు లేస్తోంది. జడకు తాడు తగిలినప్పుడల్లా కోచ్ ‘మళ్లీ’ అంటున్నారు. గోడవార కూర్చున్న వాళ్లమ్మ ఎన్నిసార్లు తగిలిందో వేళ్ల మీద లెక్కపెడుతోంది. పంచింగ్ బ్యాగ్ దగ్గరికి ఎప్పుడు పంపుతారని అడిగాను.

‘తాడు తగలకుండా అటు చివర దాకా వెళ్లాక’ అన్నారు కోచ్.