సాగనంపు శాస్త్రం

ఒక కోచ్‌ని ఉద్యోగంలోంచి తీసేయడానికి ఎంతసేపు పడుతుంది? పిలిచి, తలుపు వేసి, "ఇక చాలండీ" అనడానికి పట్టేంత సమయం అనుకుంటారు అమాయకులు. ఆ మూఢనమ్మకాన్ని కెనడాలోని వాంకూవర్ కనక్స్ అనే హాకీ జట్టు యాజమాన్యం 2023 జనవరిలో పటాపంచలు చేసింది. అదే పనిని వారం పొడవునా, 18 వేలకు పైగా సీట్లున్న స్టేడియంలో, జనానికి టికెట్లు అమ్మి మరీ చేయవచ్చని నిరూపించింది.

ఆ గౌరవం దక్కిన పెద్దమనిషి బ్రూస్ బుడ్రో. గడ్డి మీద ఆడే హాకీ కాదు, మంచు మీద ఆడేది. జూనియర్ స్థాయిలో 1974-75 సీజన్లో 68 గోల్స్ కొట్టాడు. అందరూ మెచ్చుకుని, పై లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో మొత్తం మీద 141 ఆటలు ఆడనిచ్చారు. మిగతా జీవితం కింది లీగుల్లో, బస్సుల్లో గడిచింది. ఎన్‌హెచ్‌ఎల్‌కి కింది మెట్టయిన ఒక్క ఏహెచ్‌ఎల్‌లోనే 634 ఆటలు, కొట్టిన గోల్స్, కొట్టించినవీ కలిపి 799 పాయింట్లు. పైన ఎవరి మోకాలో విరిగితే కబురొస్తుంది, ఆ మోకాలు అతికితే మళ్ళీ కిందికి. సీనియర్‌ని కిందికి పంపాలంటే ముందు 24 గంటలపాటు మిగతా జట్లన్నిటికీ చూపించాలి, కావాలంటే పట్టుకుపొండని. ఎవరూ పట్టుకుపోకపోతే అదొక అవమానం, పట్టుకుపోతే ఇల్లు ఖాళీ చేయడం.

ఆట మానేశాక 1992లో మస్కీగన్‌లో ఒక కింది లీగు జట్టుకి కోచ్ అయ్యాడు. ఆ స్థాయిలో కోచ్ అంటే చాలాచోట్ల మేనేజర్ కూడా తనే. ఆటగాణ్ణి వెతకాలి, జీతం వారానికింతని బేరమాడాలి. శుక్రవారం పొద్దున పై జట్టు ఇద్దర్ని లాక్కుపోతే సాయంత్రం ఆటకి మనుషుల్ని పుట్టించాలి. పుట్టకపోతే ఏమవుతుందో చూడండి. మామూలుగా ఒక్కో వరస, అంటే కలిసి దిగే ఆటగాళ్ళ గుంపు, 45 సెకన్లు ఆడి బెంచీకి వస్తుంది. మనుషులు తక్కువైతే అది నిమిషం దాటుతుంది, ఆఖరి పదిహేను సెకన్లు కాళ్ళు మాట వినవు, గోల్ అప్పుడే పడుతుంది. ఆటకి మూడు భాగాలు, రెండోదాంట్లో మరీ ఘోరం. వైపులు మారతాయి కాబట్టి, కాపాడుకోవాల్సిన మన గోల్ నుంచి మన బెంచీ దూరమైపోతుంది. అలిసినవాడు బయటికి రాలేడు, బెంచీ మీదున్నవాడు లోపలికి పోలేడు. ఇవన్నీ ఏ కళాశాలలోనూ చెప్పరు. ఆయన పనిచేసిన ఫోర్ట్ వేన్, మిసిసిపీ, లోవెల్, మాంచెస్టర్, హెర్షీ జట్లు చెబుతాయి. పదిహేనేళ్ళు పడుతుంది, అంతే.

2007 నవంబరు 22న ఎన్‌హెచ్‌ఎల్ జట్టు వాషింగ్టన్ పిలిచింది. 21 ఆటల్లో ఆరే గెలిచి లీగ్ అడుగున పడున్న జట్టు అది. ఆ సీజన్ చివరికి తన డివిజన్, అంటే లీగ్‌లో తనున్న గుంపు, గెలిచింది, ఉత్తమ కోచ్‌కిచ్చే జాక్ ఆడమ్స్ అవార్డు ఆయనకొచ్చింది. వింత ఏమీ లేదు. ఆ కుర్రాళ్ళలో కొందరు అప్పటికే హెర్షీలో ఆయన చేతికింద పనిచేసినవాళ్ళు. ఎవరిని తిట్టాలో, ఎవరిని వదిలేయాలో ఆయనకు తెలుసు.

ఉద్యోగాలు పోవడం ఆయనకు కొత్తా? 2011 నవంబరు 28న వాషింగ్టన్ పొమ్మంది, 30కల్లా అనహైమ్ రమ్మంది. అక్కడ వరసగా నాలుగేళ్ళు డివిజన్ గెలిచి, ఆ నాలుగేళ్ళూ సీజన్ చివరి ప్లేఆఫ్స్‌లో, తేల్చేసే ఏడో ఆట సొంతగడ్డ మీదే ఓడారు. 2016లో పంపేశారు. తప్పేముంది? మినెసోటా వాళ్ళు మరింత రసికులు, 2020 ఫిబ్రవరి 14న, ప్రేమికుల రోజున పంపారు. అయినా పనైతే ఒక్క పూటలో ముగించారు. పద్ధతి అంటే అది.

వాంకూవర్ శాస్త్రీయంగా నడిచింది. 2021 డిసెంబరులో ఆయన వచ్చేసరికి జట్టు 25 ఆటల్లో 8 గెలిచింది. తర్వాతి 57లో 32 గెలిచింది. జనం ఆయన పేరుతో నినాదం కట్టి పాడారు. యాజమాన్యానికి భయమేసి ఉంటుంది. 2022 వేసవిలో పొడిగింపు ఇవ్వలేదు, ఉన్న ఒప్పందంలో మిగిలిన ఏడాదికి మాత్రం రమ్మన్నారు. నవంబరులో క్లబ్ అధ్యక్షుడు జిమ్ రూథర్‌ఫర్డ్ రేడియోలో జట్టు ఆటకొక పద్ధతి లేదన్నాడు. జనవరి 16న విలేఖరుల్ని పిలిచి, వేరే కోచ్‌లతో మాట్లాడిన మాట నిజమేనని సెలవిచ్చాడు. పెళ్ళికొడుకుని పీటల మీద కూర్చోబెట్టి, అదే పందిట్లో రెండో సంబంధానికి కట్నం మాట్లాడినట్టు.

ఇక ఆ వారం ప్రాక్టీసు ఎలా సాగి ఉంటుందో కాస్త ఊహించండి. కోచ్ బోర్డు మీద పన్నెండుమంది ఫార్వర్డ్‌ల పేర్లు నాలుగు వరసలుగా రాస్తాడు. పెనాల్టీ పడి ఒకడు బయట కూర్చుంటే, నలుగురితో కాపాడుకోవాల్సి వస్తే ఎవరెక్కడ నిలబడాలో చెబుతాడు. అందులో ఆ జట్టు లీగ్ అడుగునే ఉంది. ఒక కుర్రాడు చెయ్యెత్తి, "సార్, ఇది సోమవారం కూడా పనికొస్తుందా?" అంటాడు. తర్వాతి ఊళ్ళో హోటల్ గది ఎవరి పేరున తీసుకోవాలో మేనేజరుకి పాలుపోదు. కోచ్ కోటు కుట్టే దర్జీ అడ్వాన్సు అడుగుతాడు. బోర్డు తుడిచే మనిషి పేర్లు తుడిచి, కోచ్ చేతిరాత మాత్రం ఉంచాలా వద్దా అని పైఅంతస్తుకి ఫోన్ చేస్తాడు. పైఅంతస్తులో లైన్ బిజీ. ఎవరితో మాట్లాడుతున్నారో ఊరంతటికీ తెలుసు.

గోల్‌కీపర్ డెమ్కో డిసెంబరు 1 నుంచి గాయంతో లేడు. సీజన్ మొదట్లో ఏడు ఆటల్లో ఒక్క గెలుపూ లేదు. కోచ్‌ని మార్చాలనుకోవడం నేరం కాదు. అలాగైతే మార్చండి! అరవై ఎనిమిదేళ్ళ మనిషిని, బస్సు సీట్లో సగం జీవితం ఈ ఆటకిచ్చినవాణ్ణి, పోయిందని అందరికీ తెలిసిన ఉద్యోగానికి రోజూ టై కట్టుకుని రమ్మంటారా? ప్రతి పూటా మైకుల ముందు నిలబెట్టి మీ మౌనానికి అతని చేత జవాబు చెప్పిస్తారా? జీతమిచ్చాం కదా అంటారేమో. జీతం పనికిచ్చారు, వేలాడినందుకు కాదు. జనవరి 21 రాత్రి ఎడ్మంటన్ చేతిలో 4-2తో ఓడుతుంటే జనం లేచి మళ్ళీ ఆయన పేరే పాడారు, ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. టికెట్ కొన్నవాళ్ళకున్న మర్యాద టికెట్ అమ్మినవాళ్ళకు లేకపోయింది. మర్నాడు తీసేశారు, అదే రోజు రిక్ టాకెట్‌ని ప్రకటించారు.

టాకెట్ మంచి కోచే. 2024లో జాక్ ఆడమ్స్ కూడా గెలిచాడు. 2025లో యాజమాన్యం భారీ జీతంతో ఉండమని అడిగితే, వద్దని చెప్పి ఫిలడెల్ఫియా వెళ్ళిపోయాడు. ఎందుకు వద్దన్నాడో ఆయన్నైనా అడిగితే బాగుండు, ఆ వారం అంతా ఆయన చూశాడు మరి.