తెల్లబడితే చచ్చిపోయినట్టు కాదండీ

హవాయి యూనివర్సిటీకి కోకోనట్ ఐలాండ్ అనే దీవిలో ఉన్న పగడాల పరిశోధన ల్యాబ్ గురించి మీ వ్యాసం బాగుంది. కానీ "తెల్లబడి చనిపోయిన పగడాలు" అని రెండుచోట్ల రాశారు. రెండూ ఒకటి కాదు. పగడం ఒంట్లో కాపురముండే సూక్ష్మ శైవలాలే (నాచులాంటి జీవులు) దానికి చాలావరకు తిండి పెడతాయి, రంగూ ఇస్తాయి. నీళ్లు వేడెక్కితే ఆ పొత్తు చెడి అవి బయటికి పోతాయి. అద్దంలాంటి చర్మం కింద తెల్లటి సున్నపు గూడు కనిపిస్తుంది, అంతే. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది. వారాల తరబడి అలాగే ఉంటే మాత్రం కష్టం.

ఇంకోటి. కథంతా ఆ ల్యాబ్ శాస్త్రవేత్త రూత్ గేట్స్ 'సూపర్ కోరల్స్' (వేడిని తట్టుకునే పగడాలు) దగ్గరే మొదలుపెట్టారు. ఆవిడ గొప్పావిడే, పాపం 2018లో పోయారు. అయితే అదే దీవిలో 1970లలోనే కోల్స్, జోకీల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పగడాలను తొట్లలో పెట్టి వేడినీళ్లతో పరీక్షించారు. మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువైతే చాలు, పగడాలు తెల్లబడతాయని తేల్చారు. మనకది ఫ్యాన్ స్పీడు ఒక పాయింట్ పెంచుకునేంత తేడా!

దీవి చుట్టూ ఉన్న కనియోహే అఖాతంలోకి 1977-78 దాకా ఊరి మురుగు వదిలేవారు. అది మళ్లించాక పగడాలు మళ్లీ పెరిగాయి. ఈ ముక్క వ్యాసంలో ఉండాల్సింది.

కుజదోషానికి పెట్టుకునే పగడం ఇదేనా అని వ్యాసం కింద కామెంట్లలో ఎవరో అడిగారు. కాదండీ. ఆ ఎర్ర పగడానికి పేరుపడ్డది మధ్యధరా సముద్రం, దానికి ఈ శైవలాలూ ఉండవు, ఎండా అక్కర్లేదు. మా అమ్మ ఉంగరంలోది అసలుదేనని షాపువాడు ఒట్టేశాడు. ప్లాస్టిక్కని నా అనుమానం.