గరికను బతికించలేని వాళ్ల పక్షాన

గరికతో వ్యవహారం పెట్టుకున్నవాళ్లు రెండు రకాలు. దాన్ని చంపలేక చస్తున్న రైతులు ఒకవైపు, బతికించలేక చస్తున్న లాన్ యజమానులు ఇంకోవైపు. రైతుల గురించి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. రెండోవాళ్ల గోడు పట్టించుకున్న నాథుడు లేడు. ప్రపంచంలోకెల్లా మొండి కలుపు మొక్కలేవో లెక్క తీస్తే తుంగ తర్వాత రెండో స్థానం గరికకే దక్కింది. అంతటి మొండిఘటాన్ని బెర్ముడా గ్రాస్ అని ముద్దుగా పిలిచి, పూటపూటా నీళ్లు పోసి పెంచినా అక్కడక్కడా మట్టి తేలుతోందంటే, దాని వెనక ఎంత పట్టుదల ఉండాలో ఆలోచించండి. ఊరికే వచ్చే ఫలితం కాదది.

నిజానికి గరిక గొంతెమ్మ కోరికలేవీ కోరదు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటల నేరు ఎండ, వేరు దిగేంత వదులు నేల, కాస్త నత్రజని ఉంటే చాలు. పార తగిలి తెగిన ముక్క కూడా కణుపు దగ్గర వేరేసి కొత్త మొక్కవుతుంది. కానీ ఎండ, వదులు నేల నలుగురికీ చూపించుకునే వస్తువులు కావు కదా. చెట్టు నీడన గడ్డి పలచబడితే అక్కడ నీడ ఉందని ఒప్పుకోవడం పరువు తక్కువ. అందుకని ఆ మూలకే రెండింతల నీళ్లు పడతాయి. నడిచీ నడిచీ గట్టిపడ్డ చోట గడ్డి పోతే, నీళ్లు పెట్టిన మర్నాడు ఒక స్క్రూడ్రైవర్ గుచ్చి చూస్తే సరిపోతుంది. సులువుగా దిగకపోతే నేల బిగిసిందని అర్థం. అప్పుడు చేయాల్సింది నేలలోంచి చిన్న చిన్న మట్టి ముక్కలు పెరికి, ఆ కన్నాల్లోంచి వేళ్లకు గాలి ఆడనివ్వడం. పెరికిన మట్టి ముక్కలు లాన్ నిండా చెదిరి ఉంటే ఫొటో ఏం బాగుంటుంది?

కాబట్టి యజమానులందరూ ఏకగ్రీవంగా తేల్చిన రోగం ఒక్కటే: లాన్ మట్టంగా లేదు.

ఈ రోగనిర్ధారణ జరిగే తీరు చూసి తీరాలి. ఇంటాయన లాన్ అంచున బోర్లా పడుకుని, చెంప నేలకానించి, ఒక కన్ను మూస్తాడు. అక్కడ ఓ గుంట, ఇక్కడ ఓ బొడిపె. లేచి పొడవాటి చెక్క పరిచి, దాని మీద రసమట్టం పెడతాడు. లోపలి బుడగ పక్కకు జరిగితే మొహం వాడిపోతుంది. నీళ్లు గోడవైపు రాకుండా ఇంటి నుంచి బయటికి మీటరుకు ఒకటి రెండు సెంటీమీటర్ల వాలు ఉండాలన్నది ఆ క్షణంలో చెప్పకూడని మాట. బుడగ మధ్యలోకి రావాలి. వానకు నీళ్లు నిలిచినా, అన్నిచోట్లా సమానంగా నిలవాలి.

అసలు ఈ మట్టం పిచ్చికి మూలం ఇంగ్లండ్‌లో ఉంది. ఉన్ని గుడ్డ మీద నూగు కత్తిరించే మిల్లు యంత్రాన్ని చూసి, ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన 1830లో గడ్డి కోసే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. అంతకుముందు ఆ పని కొడవళ్లు, గొర్రెలు చేసేవి. గొర్రె బొడిపె ఎక్కి మేస్తుంది, గుంట దిగి మేస్తుంది, దానికి రసమట్టంతో పని లేదు. యంత్రం అలా కాదు. బ్లేడు కిందికి దించే కొద్దీ బొడిపెల మీద గడ్డి గుండు గీసినట్టు పోతుంది. బ్లేడును నాలుగైదు సెంటీమీటర్లకు ఎత్తితే సగం ఎత్తుపల్లాలు కంటికే కనపడవు. కానీ మనవాళ్ల చూపు గోల్ఫ్ మైదానంలో బంతి పడే గుంట చుట్టూ ఉండే గ్రీన్ల మీద ఉంటుంది. అక్కడ గడ్డి ఎత్తు మూడు నాలుగు మిల్లీమీటర్లు. దాని వెనక రోజూ పనిచేసే ఒక జట్టు, ప్రత్యేకమైన గడ్డి రకం ఉంటాయన్నది చిన్న వివరం, వదిలేద్దాం.

ఇక గుంటలు పూడ్చి మట్టం చేయడానికి పోసే ఇసుక. వంద చదరపు మీటర్ల లాన్ మీద సెంటీమీటరు మందాన పరవాలంటే ఒక ఘనపు మీటరు, అంటే సుమారు పదహారు వందల కిలోలు కావాలి. పద్ధతి తెలిసినవాళ్లు వేడి కాలంలో, గడ్డి జోరుగా పెరుగుతున్నప్పుడు, ముందు పొట్టిగా కోస్తారు. ఉప్పు లేని కడిగిన ఇసుక పలచగా చల్లి, చీపురుతో అటూ ఇటూ నెడతారు. గడ్డి కొసలు ఇసుకలోంచి పైకి తొంగిచూడాలి. చాలని చోట గడ్డి కోలుకున్నాక మళ్లీ ఓ విడత. లోతు గుంటలుంటే గడ్డిని వేళ్లూ మట్టితో సహా పలకలా కోసి లేపి, కింద నింపి, మళ్లీ పరుస్తారు. ఇదంతా ఓపిక ఉన్నవాళ్ల పని. మన యజమాని చలికాలంలో, గడ్డి నిద్రపోతున్నప్పుడు, ఒక్క ఆదివారం మొత్తం పోసేస్తాడు. సాయంత్రానికి లాన్ అద్దంలా ఉంటుంది. గడ్డి మాత్రం కనపడదు. పైన పటారం, లోన లొటారం: బిగిసిన నేల కింద అలాగే ఉంది, చెట్టు నీడ పైన అలాగే ఉంది.

తర్వాత యూరియా. వంద చదరపు మీటర్లకు కిలో పైచిలుకు చాలు, వెంటనే నీళ్లు పెట్టాలి. కానీ గుప్పిట్లో ఎంత పడితే అంత చల్లే చేతికి తూకంతో పనేముంది? వారానికల్లా ఆ చెయ్యి ఎటు నుంచి ఎటు తిరిగిందో గోధుమరంగు చారల్లో చదువుకోవచ్చు. ఆ చారల మీద విత్తనం. లాన్‌లో ఉన్నది టిఫ్‌వే 419 అనే బెర్ముడా అయితే అది విత్తనం కాయని సంకర రకం, తీగ ముక్కలు నాటాల్సిందే. దుకాణంలో దొరికిన మామూలు బెర్ముడా విత్తనం చల్లారు కనక ఇప్పుడు ఒకే లాన్‌లో రెండు పచ్చలు, రెండు మందాలు. దీన్ని వైవిధ్యం అనుకోవాలని ఈ వ్యాసకర్త సవినయ మనవి.

ఇన్నాళ్లకు ఇసుక కొద్దిగా కుంగింది. రెండో లోడు తెప్పించాలని ఇంటిల్లిపాదీ తీర్మానించారు. ఎక్కడ దించాలన్న దగ్గరే చర్చ ఆగింది. మొదటి లోడు వారం పాటు కుప్పగా ఉన్న చోట గడ్డి ఊపిరాడక చచ్చింది, ట్రాక్టర్ వచ్చిన దారిలో జానెడు వెడల్పున రెండు గాళ్లు పడ్డాయి. ఆ గాళ్లు పూడ్చడానికి ఎంత ఇసుక పడుతుందో ఇంటాయన ప్రస్తుతం టేపు పెట్టి కొలుస్తున్నాడు.